దుమ్ము గది కుక్కలకు పూసిన పసుపు

కుక్కల మీద, కోతుల మీద బాధపెట్టే ప్రయోగాలకు సర్కారు డబ్బు ఇవ్వకూడదని ఒక చట్టం రాబోతోందని మీరంతా ఫోన్లలో వాదించుకుంటున్నారు. ముసాయిదా తయారైంది, చట్టం మాత్రం ఇంకా కాలేదు. రిటైరై కేజీఎఫ్ పక్క బూదికోటలో కూర్చున్న నా దగ్గరికి కూడా కాలేజీ పిల్లలు వచ్చి, "అవ్వా, నువ్వు ఆ పక్కనా, ఈ పక్కనా?" అని అడుగుతున్నారు. నేను తిన్న జీతం ఆ డబ్బే. నేను మేపిన కుక్కలు చచ్చిందీ ఆ డబ్బుతోనే. కాబట్టి ఒక పక్కన నిలబడి అరవడం నాకు చేతకాదు. జరిగింది రాస్తాను. చదివాక మీకు నచ్చిన పక్కన నిలబడండి.

కేజీఎఫ్‌లో మైను మూతపడ్డాక బంగారం పోయింది, దిబ్బలు మిగిలాయి. బంగారం తీసేసిన రాతిపిండిని కొండల్లా పోసిపెట్టారు. సైనైడు దిబ్బలంటాం. గాలి కాలంలో ఆ పిండి లేచి ఆరేసిన బట్టల మీద పడుతుంది, అన్నంలో పడుతుంది, రొమ్ములోకీ పోతుంది. అది ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ఊరి బయట సర్కారు డబ్బుతో ఒక పరిశోధనశాల పెట్టారు. అందులో జంతువుల్ని ఉంచే యానిమల్ హౌస్‌కు నేను అటెండర్ని. మా నాయన మైనులో దిగి దిగి, దుమ్ము పట్టిన రొమ్ముతో పోయాడు. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. "దుమ్ము గురించి పని" అని చెప్పగానే ఇంకేమీ అడక్కుండా చేరిపోయాను.

చేరినప్పుడు నాకు అక్షరం రాదు. జీతానికి వేలిముద్ర వేసేదాన్ని. అప్పట్లో అక్కడ పనిచేసిన మదనపల్లె పశువుల డాక్టరమ్మ, భోజనాల వేళ సిమెంటు నేల మీద సుద్దముక్కతో రాసి నాకు తెలుగు నేర్పింది. తప్పు రాస్తే, కుక్కల గిన్నెలు కడిగే నీళ్లు పోసి చెరిపేసేది. అట్లా తడినేల మీద నేర్చిన అక్షరాలివి. వంకరగా ఉంటే సర్దుకోండి.

మా దగ్గర ఉన్నవి చెవులు వేలాడే పొట్టి జాతి కుక్కలు. ల్యాబుల కోసమనే పుట్టిస్తారు వాటిని. మట్టి తొక్కి ఎరగవు. చెవి లోపల నంబరు పొడిచి ఉంటుంది, కాగితాల్లో అదే వాటి పేరు. మేము మాత్రం మా పేర్లు పెట్టుకున్నాం. వీపు రాగిసంగటి రంగు, మొహం తెల్లగా ఉన్న ఒక ఆడకుక్కను రాగిముద్ద అనేవాళ్లం.

పని ఇది. పొద్దున్నే ఒక్కొక్క కుక్కను ఎత్తుకుపోయి అద్దాల గదిలో వదలాలి. మెషిను దిబ్బ దుమ్మును కొలిచి సన్నగా ఊదుతుంది. కుక్క తుమ్ముతుంది, మొహం పాదాలతో రుద్దుకుంటుంది, అద్దం దగ్గరికొచ్చి నన్ను చూస్తుంది. నేను కనబడితే అరవదు. పక్కకు పోతే గోల. అందుకని మెషిను ఆగేవరకూ అద్దానికి ఇవతల నిలబడే ఉండేదాన్ని. నిలబడమని ఎవరూ చెప్పలేదు. మిగతావాళ్లు టీకి పోయేవాళ్లు, నాకూ టీ ఇష్టమే. అయినా కదిలేదాన్ని కాదు.

నాతోపాటు పనిచేసే తమ్ముడొకడు ఉండేవాడు. సొంత తమ్ముడు కాదు. మైను లైను ఇళ్లలో పుట్టిన తమిళవాడు, నన్ను అక్కా అనేవాడు. దుమ్ము మెషిను తుడుస్తూ నవ్వేవాడు.

"చూడక్కా, కుక్కకైతే దుమ్ము కొలిచి పెడ్తారు. మనకి కొలతే లేదు. ఊరికే, ఎంత కావల్నంటే అంత!"

నవ్వు తెప్పించే మాటే, కానీ నిజం. ఆ నిజం కోసమే మా పెద్ద డాక్టరు పట్టుబట్టి ఉండేవాడు. పరిశోధన అంతా ఆయనదే. అనంతపురం పక్క మనిషి. ముందు బ్యాచి కుక్కల ఊపిరితిత్తులు చూపించే, దిబ్బ కిందున్న ఒక పిల్లల బడిని ఆయన అక్కడినుంచి మార్పించాడు. ఆ బడి పిల్లల్లో మా తమ్ముడి కూతురు కూడా ఒకతె. కాబట్టి ఆ పనంతా ఉత్తదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా కుక్కలు ఈ ఊరికి చేసిన మేలు ఈ ఊళ్లో పుట్టిన ఏ పెద్దమనిషీ చేయలేదు.

కానీ ముందు బ్యాచి ఊపిరితిత్తులు ఎట్లా బయటికొచ్చాయో కూడా చెప్పాలి. పరిశోధన ముగిశాక సూది వేస్తారు. కుక్క నిద్రలోనే పోతుంది. తర్వాత కోసి చూస్తారు. సూది వేసేటప్పుడు వాటిని ఒళ్లో పట్టుకున్నది నేనే. ఈ బ్యాచికీ అదే రాసిపెట్టి ఉంది.

ఆ రోజుల్లోనే చట్టం మాట వినబడింది. దేశంలో ఇట్లాంటి ప్రయోగాలు చేసే చోట్లన్నీ చూసి రమ్మని ఒక కమిటీని వేశారన్నారు. తమ్ముడు సంతోషంగా వచ్చాడు.

"అక్కా, డబ్బు నిలిపేస్తారంట. మన కుక్కలు బతికిపోతాయి!"

నేను పెద్ద డాక్టరు దగ్గరికే పోయి అడిగాను. "సార్, డబ్బు నిలిచిపోతే ఇవేమైతాయి?"

ఆయన దాచలేదు. "మేపడానికి డబ్బుండదమ్మా. వెంటనే సూది వేసెయ్యాలి. అప్పటిదాకా తెలిసినంతే తెలిసినట్టు."

"డబ్బు నిలవకపోతే?"

"అప్పుడు పరిశోధన పూర్తయ్యాక."

అంటే చట్టం వస్తే ఇప్పుడు చావాలి, రాకపోతే కొన్నాళ్లాగి చావాలి. కుక్కల మీద జాలిపడి రాసిన చట్టంలో కుక్కలకే చోటు లేదు. బయటికొచ్చి తమ్ముడికి చెబితే వాడు బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుండిపోయాడు.

కాసేపటికి వాడికి నన్ను ఎత్తిపొడవాలని బుద్ధి పుట్టింది. "నువ్వేందక్కా ఇంత బాధ పడతాండావు? మీ ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారు. గూళ్లతో సహా ఉడకబెట్టేస్తారు కదా!"

"మేము పెంచి అమ్మేదే రా. ఉడకబెట్టేది దారం తీసే రీలింగోడు."

"అదే కదక్కా. మన డాక్టరు చెప్పేదీ అట్లే ఉండాది. చట్టం చేసేటోళ్లు చెప్పేదీ అట్లే ఉండాది."

ఆ మాట నాకు బాగా తగిలింది. అందరూ మేపేవాళ్లే. ఉడకబెట్టేవాడు మాత్రం ఎప్పుడూ ఇంకొకడు.

కమిటీ వచ్చేది ఆయుధపూజ మరుసటి రోజని తెలిసింది. మా ఊళ్లో ఆయుధపూజ అంటే మీకు తెలుసు కదా. మైను ఉన్నప్పుడు డ్రిల్లు మెషిన్ల దగ్గర్నుంచి మనుషుల్ని దించే లిఫ్టు దాకా కడిగి బొట్టు పెట్టి, గుమ్మడికాయ పగలగొట్టేవాళ్లు. మైను పోయినా అలవాటు పోలేదు. యానిమల్ హౌస్ బయటి వరండాలో ట్రాలీకి, త్రాసుకు, ఆఖరికి పొరక కట్టకు కూడా బొట్టు పెట్టేవాళ్లం. పెద్ద డాక్టరు దానికి అడ్డు చెప్పేవాడు కాదు. కానీ జంతువుల గదుల్లోకి పసుపు, కుంకం, పూలు, ఊదుబత్తి ఏదీ రాకూడదని గట్టి నియమం. పొగో వాసనో తగిలితే లెక్కలు తప్పుతాయంటాడు. ఆ నియమాన్ని మేము ఎన్నడూ దాటలేదు.

ఆ ఏడు దాటాం. ఆలోచన నాదే.

"పసుపు పళ్లెం ఇట్లా తే రా. కుక్కలకు పెడదాం."

వాడు అటూ ఇటూ చూశాడు. "డాక్టరు సారు చూస్తే గుమ్మడికాయ మన నెత్తి మీదనే పగలగొడతాడక్కా!"

"పగలగొట్టనీ లేరా. పొరకకు పెట్టినావు కదా బొట్టు? మనకి ఇన్నేండ్లు కూడు పెట్టింది పొరకా, ఈ కుక్కలా? వచ్చే పండక్కి ఇవి ఉంటాయో లేదో."

వాడు పళ్లెం తెచ్చాడు. ఒక్కొక్కదాని నుదుటి మీద తడి పసుపు పూసి, మధ్యలో కుంకం పెట్టాం. అవి ఆ వేళ్లన్నీ నాకేశాయి. రాగిముద్ద అయితే తల వంచి, ఎప్పటినుంచో అలవాటున్నదానిలా పెట్టించుకుంది. పొద్దున కమిటీ వచ్చేలోపు తుడిచేద్దామనుకున్నాం. వాళ్లు మధ్యాహ్నం కదా వచ్చేది.

వాళ్లు పొద్దున్నే వచ్చేశారు. నేను దుమ్ము గది అద్దాలు తుడుస్తుంటే గేటు నుంచి ఫోను. తమ్ముడు కంగారుపడి, నాకు చెప్పకుండా, బట్టల సబ్బు తీసుకుని కుక్కల మొహాలు రుద్దేశాడు. పసుపుకు బట్టల సబ్బు తగిలితే ఏమవుతుందో పెళ్లిపంచె ఉతికిన ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. రక్తంలా ఎర్రగా తిరుగుతుంది. నేను వచ్చి చూసేసరికి వరసగా అన్ని కుక్కలకూ తెల్లటి నుదుళ్ల మీద ఎర్రటి మరకలు, వాటి కింద చెంపలదాకా కారిన ఎర్రటి చారలు.

"ఒరే, నీ పెండ్లాం ఎప్పుడూ నీ పంచె ఉతకలేదా రా?"

"పంచె యాడ కట్టినానక్కా నేను? ప్యాంటే కదా!"

దానికి జవాబు చెప్పేలోపే తలుపు తెరుచుకుంది. ముందు పెద్ద డాక్టరు, ఆయన వెనక కమిటీ. కమిటీకి పెద్ద ఒక నడివయసు ఆమె. ఆంధ్ర సరిహద్దు పక్క పల్లెలో పుట్టిందట, మన తెలుగే మాట్లాడేది. ఆమె పక్కన జంతువుల తరఫున పోరాడే సంఘం నుంచి వచ్చిన ఒక కుర్రవాడు. వాడు కుక్కల్ని చూసీ చూడగానే కెమెరా తీశాడు.

"చూడండి మేడం! రక్తం! అన్నింటికీ తలకాయ కోసి ఉండారు!"

పెద్ద డాక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయనకు నిజంగానే ఏమీ తెలియదు. "మా ప్రయోగంలో తలకు సంబంధించిందేమీ లేదండీ" అన్నాడు. ఎవరు నమ్ముతారు? తమ్ముడు నా వెనక నక్కాడు. ఆ క్షణాన నేను నోరు మూసుకుంటే ఏమవుతుందో నాకు అర్థమైంది. ఆ ఫోటోలు పొద్దుగూకేలోపు దేశమంతా తిరుగుతాయి, మా చోటు మూతపడుతుంది. మూతపడితే కుక్కలకు వెంటనే సూది.

"రక్తం కాదమ్మా, పసుపు" అన్నాను. "నిన్న ఆయుధపూజకు నేనే పెట్టినాను. సారుకి తెలియదు. సబ్బు తగిలి ఎర్రగయ్యింది."

కుర్రవాడు నవ్వాడు. "ఎవరు చెప్పించినారవ్వా నీతో?"

కమిటీ పెద్దామె మాత్రం చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నేల మీద కూర్చుంది. రాగిముద్ద నుదుటి మీద వేలితో రుద్ది, వాసన చూసింది. వెంటనే నవ్వేసింది. "పసుపే. మా ఆయన పంచెలన్నీ ఈ రంగే." కుర్రవాడు కెమెరా దించాడు. కానీ వాడు తెలివితక్కువవాడు కాదు. వెంటనే సరైన చోట పట్టుకున్నాడు.

"ఆయుధపూజ ఆయుధాలకు కదా చేసేది? అంటే ఈ కుక్కలు మీకు పనిముట్లు. అంతేనా?"

పెద్ద డాక్టరు కళ్లతోనే వద్దన్నాడు. నేను ఆగలేదు.

"అవునప్పా, పనిముట్లే. సుమ్మనే, ఊరికే అబద్ధం ఎందుకు చెప్పేది? మా నాయన కూడా మైనుకి పనిముట్టే. నేను ఈ సర్కారుకి పనిముట్టే. పనిముట్టంటే తప్పేముండాది? అయితే వాడినంక ఏం చేస్తావు, అదీ మాట. మా ఊర్లో పని అయిపోయిన పలుగునైనా పండగనాడు కడిగి బొట్టు పెడతారు, దిబ్బలో పారెయ్యరు. నాకు రిటైరైనంక పింఛను ఇస్తారంట. వీటికి సూది ఇస్తారంట."

కమిటీ పెద్దామె లేచి, "నువ్వేమంటావమ్మా? డబ్బు నిలపాల్నా, వద్దా?" అని నన్నే అడిగింది.

"అది మీరు చూసుకోండమ్మా. చట్టం రాసేటంత చదువు నాకు లేదు. ఒకటి చెప్తాను. మైను మూసేటప్పుడు పంపులు నిలిపేస్తే లోపల నీళ్లు నిండిపోతాయి. అందుకని పంపు నిలిపేముందు లోపల మనిషి ఎవుడూ లేడని చూసినారు. మీరు రాసింది పంపు నిలిపే చట్టం. లోపల ఉండేవాళ్ల మాట దాంట్లో యాడా లేదు."

పెద్ద డాక్టరు అప్పుడు నోరు విప్పాడు. "ఈమె చెప్పేది మనసుకు తగిలే మాటే మేడం. కానీ ఊపిరితిత్తులు చూడకపోతే ఇంతకాలం పడ్డ పాటంతా వృథా. ఈ కుక్కలు పీల్చిన దుమ్మూ వృథాయే. ఇదే దుమ్ము రేపు ఈ ఊరి పిల్లలు పీలుస్తారు." ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. మా నాయనను తలుచుకుంటే ఆయన మాటకే తలవంచాలి. కమిటీ ఆమె ఇద్దరినీ చూసి, కుర్రవాణ్ణి తీసుకుని పక్కగదిలోకి పోయింది. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో మాకు వినబడలేదు. కుర్రవాడు బయటికొచ్చేటప్పుడు నా దగ్గర ఆగి, "అవ్వా, ఫోటోలు చెరిపేసినాను" అని మాత్రం చెప్పాడు.

జంతువుల గదిలోకి పసుపు తెచ్చినందుకు నాకు మెమో వచ్చింది. రావాల్సిందే. ఇంగ్లీషులో ఉంటే చదివించుకుని సంతకం పెట్టాను. వేలిముద్ర కాదు, సంతకం.

తర్వాత ముసాయిదాలో ఒక కొత్త మాట చేరింది. ఎక్కడైనా డబ్బు నిలిపితే, బతికున్న జంతువులను ఇళ్లకో ఆశ్రమాలకో చేర్చేదానికి ఆఖరి ఖర్చు సర్కారే ఇవ్వాలని. చట్టం అవుతుందో కాదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మా దగ్గర మాత్రం దానికోసం ఎవరూ కాచుకోలేదు. నేను రిటైరయ్యే ముందు పెద్ద డాక్టరు పైవాళ్లకు తానే రాసి, పోరాడి, కుక్కల్ని ఇళ్లకు ఇచ్చే అనుమతి తెచ్చాడు. ఎందుకు మనసు మార్చుకున్నాడని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. దుమ్ము మెషిను ఆపేశారు. ఊపిరితిత్తులను కొయ్యకుండా ఎక్స్‌రేల్లో చూసే దారి వెతుకుతానన్నాడు. దాంతో అన్నీ తెలియవని కూడా ఆయనే చెప్పాడు.

కుక్కలు గేటు దాటిన రోజు చూడాలి మీరు. మట్టి మీద కాలు పెట్టడానికి ఒక్కటీ ఒప్పుకోలేదు. నిప్పు తొక్కినట్టు పాదాలు ఎత్తి ఎత్తి పెట్టాయి. మా తమ్ముడు రెండింటిని రెండు చంకల్లో పెట్టుకుని ఆటో ఎక్కాడు, వాటిని దించడానికి మనసురాక. రాగిముద్దను నేను తీసుకున్నాను. అప్పుడు పెద్ద డాక్టరు గేటు దాకా వచ్చాడు. ఏదో అడగాలని, అడగలేక, కళ్లజోడు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఏంది సార్?"

"ఇది ఎక్కువ దుమ్ము పీల్చిన కుక్కమ్మా. ఎప్పుడైనా... అది పోయాక... నాకు తెచ్చిస్తావా? ఊపిరితిత్తులు చూడాలి."

మా నాయన పోయినప్పుడు ఆసుపత్రివాళ్లు ఇదే అడిగారు. మా పెదనాయనలు కొట్టడానికి పోయారు. అప్పుడు ఇచ్చి ఉంటే ఎవరికేం తెలిసేదో నాకు తెలియదు.

"తెస్తాను సార్. అయితే అది పోయినప్పుడు. మీకు కావల్సినప్పుడు కాదు."

"సరేనమ్మా" అన్నాడు.

అప్పటినుంచి ఆయన అప్పుడప్పుడూ ఫోను చేస్తాడు. "ఎట్లా ఉందమ్మా?" అంటాడు. "ఉండాది సార్, మీరు కాచుకోండి" అంటాను. రాగిముద్ద ఇప్పుడు మల్బరీ తోటలో తిరుగుతుంది, పురుగుల షెడ్డు గడప మీద పడుకుంటుంది, సంగటి తింటుంది. మట్టిలో గుంటలు తవ్వడం నేర్చింది. నడిస్తే ఆయాసం మాత్రం ఉంది.

మొన్న వానల తర్వాత చలిగాలి తిరిగింది. ఆయాసం ముదిరిపోయింది. తిండి ముట్టలేదు. పడుకోలేక కూర్చునే నిద్రపోవడం మొదలుపెట్టింది. అది చూసి నేను తట్టుకోలేకపోయాను. నేనే ఫోను చేశాను. "సార్, తయారుగా ఉండండి" అన్నాను. మాట ఇచ్చినదాన్ని కదా.

ఆయన ఆ పూటే కారు వేసుకుని బూదికోటకు వచ్చేశాడు. చేతిలో పెట్టె. కోసే సామాను తెచ్చుకున్నాడనుకున్నాను. షెడ్డు గడప దగ్గర కూర్చుని, పెట్టె తెరిచి, సూదిలోకి మందు ఎక్కించాడు. గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"సార్, అది ఇంకా బతికుండాది!"

"తెలుసు. చెయ్యి వదులమ్మా. ఇది ఊపిరాడేదానికి."

సూది వేశాడు. ఇంకా మందులిచ్చాడు, ఏది ఎప్పుడు వెయ్యాలో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాడు. పొద్దుగూకేదాకా గడప మీదే కూర్చున్నాడు. చీకటి పడేముందు రాగిముద్ద లేచి, ఒళ్లు దులుపుకుని, గిన్నె దగ్గరికి పోయింది.

"మరి మీ ఊపిరితిత్తులు, సార్?" అన్నాను.

ఆయన పెట్టె మూసి లేచాడు. "తొందరేముందమ్మా, దానికి అవసరం తీరాక ఇవ్వు" అన్నాడు.

ఆయన ఇంకా కాచుకునే ఉన్నాడు. అది ఇంకా తింటూనే ఉంది.